బడులు చూసిపెట్టిన ఆరేళ్లు

పని ఏమిటంటే

నెల్లూరులో పదకొండేళ్లు సైన్సు టీచరుగా పనిచేశాను. మా వారికి గల్ఫ్‌లో, ఉమ్ అల్ క్వైన్‌లో రంగుల ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తే, ఆ వెనకే నేనూ వెళ్లి షార్జాలో అల్ నహ్దాలో కాపురం పెట్టాను. టీచరు ఉద్యోగం దొరకలేదు. కరామాలో ఒక చిన్న ఆఫీసులో చేరాను. రెండు వేల రెండు నుంచి రెండు వేల ఎనిమిది దాకా అక్కడే. తరవాత ఇంకో రెండుచోట్ల పనిచేసి రిటైరయ్యాను గానీ, నేర్చుకున్నదంతా ఆ ఆరేళ్లలోనే.

కంపెనీలు ఇండియా నుంచి ఇంజనీర్లనీ అకౌంటెంట్లనీ తెచ్చుకునేవి. వాళ్ల కుటుంబాలు దిగేసరికి ఇల్లు, గ్యాసు, ఫోను, పిల్లలకు బడి సిద్ధంగా ఉండాలి. ఆ ఏర్పాట్లు మా ఆఫీసు చేసేది. అందులో బడులు నా వంతు. వెళ్లి చూడటం, చూసింది రెండు పేజీల్లో రాయడం. పెళ్లిచూపులకు పెద్దమనిషిని పంపినట్టన్నమాట. తేడా ఏమిటంటే, పెళ్లికూతురి గురించి కనీసం పక్కింటివాళ్లనైనా అడగొచ్చు.

అక్కడి ప్రభుత్వ బడులు అరబ్బీలో, ఆ దేశపు పిల్లల కోసం నడుస్తాయి. మనవాళ్లకు ఇండియన్ సిలబస్ చెప్పే ప్రైవేటు బడులే దిక్కు. అవి ఊళ్లో చోటు చాలక ఒక్కొక్కటిగా ఊరి చివర ఇసకలోకి జరుగుతున్న రోజులవి. ఎన్ని కట్టినా సీట్లు చాలేవి కావు.

మా ముదీర్ (అక్కడ మేనేజరుని అలాగే అంటారు) ఖలీల్ సాబ్ హైదరాబాద్ మనిషి. ఆఫీసుకు మేనేజరూ ఆయనే, గుమాస్తా రాకపోతే గుమాస్తా కూడా ఆయనే. చేరిన రోజే నాతో అన్నాడు:

"నువ్వు టీచరమ్మవి. బడి గేట్ల అడుగు పెడితెనే నీకు అర్థమైతది. మాకు గట్ల ఎరుక గాదు."

నాకూ అలాగే అనిపించింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు మొదట చెప్పదలచుకున్నది అదే. టీచరుగా పనిచేసినవాళ్లు బడిని చూడటానికి వెళ్తే, బడిని చూడరు. తాము పనిచేయాలని కలలుగన్న బడిని చూసి వస్తారు.

రెండుసార్లు చూసిన పాఠం

మొదటి ఏడు నేను రాసిన రిపోర్టులు ఇప్పుడు చదివితే పెళ్లి శుభలేఖల్లా ఉంటాయి. ఒక బడికి ఈత కొలను ఉందని రాశాను. ఉంది. అందులో నీళ్లు లేవు, వార్షికోత్సవం కుర్చీలు ఉన్నాయి. ఈతలో బహుమతులు తెచ్చుకున్న పిల్లవాడి తల్లి ఒకావిడ ఆ రిపోర్టు చూసి అదే బడిలో చేర్చి, వారం తరవాత ఆఫీసుకొచ్చి నన్ను కడిగేసింది. ఆవిడ వెళ్లాక ఖలీల్ సాబ్ తాపీగా టీ తాగుతూ, "కొలను ఉన్నదని రాసినవ్. ఈత ఉన్నదని రాయలే గద. ఫికర్ చెయ్యకు" అన్నాడు.

ఇంకో బడిలో ఏడో తరగతి సైన్సు పాఠం చూపించారు. కిరణజన్య సంయోగక్రియ. టీచరమ్మ బాగా చెప్పింది. మూడో బెంచీలో కళ్లద్దాల పిల్ల లేచి పత్రహరితం గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. నేను మురిసిపోయాను. నాలుగు నెలల తరవాత ఇంకో కుటుంబం కోసం అక్కడికే వెళ్తే, అదే తరగతి, అదే పాఠం. టీచరమ్మ ప్రశ్న సగంలో ఉండగానే కళ్లద్దాల పిల్ల లేచి జవాబు మొదలుపెట్టింది. పాపం, దానికి విసుగొచ్చినట్టుంది. ఆ బడిలో మొక్కలకు ఏడాది పొడవునా ఆహారం తయారవుతూనే ఉంది, అతిథి వస్తే చాలు.

ఇలాంటివి నవ్వుకోవడానికి బాగుంటాయి. వీటివల్ల ఎవరికీ పెద్ద నష్టం లేదు. నష్టం జరిగింది నేను ఎగతాళి చెయ్యలేని బడిలో.

నిశ్శబ్దం

ఆ బడి షార్జా శివార్లలో, వర్క్‌షాపులన్నీ దాటాక, రోడ్డు ఇసకలో కలిసిపోయేచోట ఉండేది. పేరు చెప్పను. కొత్త భవనం. గేటు దగ్గర ఆకాశమంత బోర్డు: పదో తరగతి బోర్డు పరీక్షలో వంద శాతం ఉత్తీర్ణత, వరసగా కొన్నేళ్లుగా.

నేను వెళ్లింది మిడిల్ స్కూలు చూడటానికి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు. వరండాలో నడుస్తుంటే నా చెప్పుల చప్పుడు నాకే వినిపించింది. అంతమంది పిల్లలున్న చోట గుసగుస కూడా లేదు. తలుపుల మీద వరసగా ఆరు-ఏ, ఆరు-బి, అలా ఆరు-హెచ్ దాకా ఉన్నాయి. పై అంతస్తుకు వెళ్తే పది-ఏ, పది-బి. అక్కడితో వరస అయిపోయింది. గేటు దగ్గరి బోర్డు సంగతి మరిచి, భవనంలాగే బడీ కొత్తది కదా, కింది నుంచి పెరుగుతూ వస్తోంది అనుకున్నాను. ఎవరూ అలా చెప్పలేదు. నాకు నేనే చెప్పుకున్నాను.

రిపోర్టులో "క్రమశిక్షణ అద్భుతం" అని రాసి కింద గీత కూడా గీశాను.

ఆ రిపోర్టు చూసి చేర్చినవాళ్లలో కాకినాడ నుంచి వచ్చిన ఒక కుటుంబం ఉంది. భర్త సూర్యనారాయణ సివిల్ ఇంజనీరు. భార్య పద్మ. ఒక్కతే కూతురు హారిక, ఆరో తరగతి. మా వీధిలోనే వాళ్లకు ఫ్లాటు దొరికింది. పద్మ నన్ను అక్కా అనేది. హారిక ఎదురొస్తే ఆగి మాట్లాడేది. బొమ్మలు బాగా వేసేది. లెక్కలంటే మాత్రం భయం.

రెండేళ్లు గడిచాయి. వీధిలో హారిక ఆగి మాట్లాడటం మానేసింది. ఎదిగే పిల్ల, సిగ్గు అనుకున్నాను. ఇదీ నాకు నేనే చెప్పుకున్నదే.

పద్మ చూపించిన కాగితం

ఒక శుక్రవారం, అంటే అక్కడి సెలవు రోజు, ఉదయం పద్మ ఫోను చేసింది. "అక్కా, ఒక్కసారి రాగలరా? సెలవైనా ఆయన సైటుకెళ్లారు. నాకేమీ పాలుపోవట్లేదండీ."

వెళ్లేసరికి బల్ల మీద ఒక టైపు చేసిన కాగితం ఉంది. ‘మా సొంత కారణాల వల్ల, మా ఇష్టపూర్వకంగా, మా అమ్మాయిని ఈ బడి నుంచి మాన్పించుకుంటున్నాము. టీసీ ఇప్పించగలరు’ అని ఇంగ్లీషులో ఉంది. కింద సంతకానికి ఖాళీ.

"బళ్లో పిలిచి ఇచ్చారండీ. సంతకం పెడితే ఎనిమిది పాసైనట్టు టీసీ ఇస్తారంట. పెట్టకపోతే ఫెయిలని రాసి మళ్లీ ఎనిమిదిలోనే కూర్చోబెడతారంట. తొమ్మిదిలోకి మాత్రం తీసుకోరంట."

"లెక్కల్లో అంత వెనకబడిందా?"

"ముప్ఫై, ముప్ఫై అయిదు వస్తాయి. ట్యూషన్ పెట్టించాం. మీరు చూసొచ్చి మంచి బడి అన్నారని చేర్చాం అక్కా. మిమ్మల్ననట్లేదు. కానీ మీరు చూసినప్పుడు ఇవేవీ కనపడలేదా?"

ఆవిడ నిజంగానే నిందించకుండా అడిగింది. నేను ఆ కాగితం మళ్లీ మొదటి నుంచి చదివాను.

హారిక లోపలి గదిలోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "ఆంటీ, నేనొక్కదాన్నే కాదు. మా క్లాసులో ఎవరు వెళ్లిపోతారో మాకు ముందే తెలుసు."

"ఎలా తెలుస్తుంది?"

"ఆఖరి బెంచీకి మారుస్తారు. శ్రేయాని నవంబరులో మార్చారు, జనవరిలో వెళ్లిపోయింది. నన్ను మొన్న మార్చారు."

"మరి ఎవరూ ఏమీ అడగరా?"

"మాట్లాడితే మార్చేస్తారు కదా ఆంటీ. అందుకే ఎవరూ మాట్లాడరు."

నేను గీత గీసిన క్రమశిక్షణ అదీ. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు తమ వంతు రాకూడదని ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటే, ఆ నిశ్శబ్దానికి నేను మార్కులు వేసి వచ్చాను.

బస్సుల దగ్గర

మర్నాడు ఎవరికీ చెప్పకుండా ఆ బడికి వెళ్లాను. లోపలికి కాదు. బడి వదిలేవేళ బస్సులు ఆగేచోట ఎండలో నిలబడ్డాను. బస్సుల్లో పిల్లల్ని చూసుకునే ఆయాలు గొడుగులు వేసుకుని నీడలో కూర్చున్నారు. వాళ్లలో ఒకావిడ తెలుగులో విసుక్కుంటుంటే పలకరించాను. పేరు ఖైరున్నీసా, కడప. ఆ బడి మొదలైనప్పటి నుంచీ అక్కడే పని.

"పదో తరగతిలో రెండే సెక్షన్లేంటమ్మా? బడి కొత్తది కాబట్టా?" అని అడిగాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "కొత్తదేంది మేడం? నేనొచ్చి తొమ్మిదేండ్లు. అప్పుడు ఆరులో ఉన్న పిలకాయలు ఈపాటికి కాలేజీ అయిపోయుండాల. ఏటా ఎనిమిది అయినాక నా బస్సులో సగం సీట్లు ఖాళీ. మళ్లీ ఆరులోకి కొత్తోళ్లొస్తారు, నింపుతారు."

"వాళ్లంతా ఎక్కడికి పోతారు?"

"ఎవురికి తెలుసు? ఊరికి పోతారు కొందురు. తల్లీ పిల్లలు ఆడ, నాయన ఈడ. ఒక పాప దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకోని ఏడ్చింది, రేపట్నుంచి రానని." గొడుగు కాస్త ఎత్తి నన్ను చూసి అడిగింది: "ఏమ్మా, నువ్వు బడులు చూసే ఆమెవే కదా? ముందు కూడా ఒగసారి కారులో వచ్చినావు. మాతో మాట్లాడకుండా పోతివే."

తొమ్మిదేళ్లుగా ఆ బడిని రోజూ చూస్తున్న మనిషి గేటు దగ్గరే కూర్చుని ఉంటే, నేను ఆవిడని దాటుకుని, ఆ రోజు కోసం తుడిచిపెట్టిన వరండా చూసి వచ్చాను. ఇప్పుడు ఈ పనిలో ఉన్నవాళ్లకు ఒక మాట. ప్రిన్సిపాల్ గదిలో ఇచ్చే కాఫీ ఎంత బాగుంటే, మీకు అంత తక్కువ చెబుతున్నారని లెక్క.

ఒక ఎల్ తక్కువ

తరవాత వెళ్లి ఆ బడి ప్రిన్సిపాల్‌ని కలిశాను. మర్యాదస్తుడు. ఉత్తరాది మనిషి, ఇంగ్లీషు మృదువుగా మాట్లాడేవాడు. నేను విషయం చెప్పగానే నొచ్చుకున్నాడు.

"మేడమ్, మేము ఎవరినీ పంపము. తల్లిదండ్రులే తీసుకువెళ్తారు. అందరూ రాసి ఇచ్చినవే," అంటూ లావుపాటి ఫైలు నా ముందు పెట్టాడు. ఆ ఫైలు మీద ఆయనకు ఎంత నమ్మకమంటే, తిరగేయమని కూడా అన్నాడు.

తిరగేశాను. పేర్లు వేరు, సంతకాలు వేరు. మిగతాదంతా ఒకటే. ‘ఇష్టపూర్వకంగా’ అనే అర్థంలో వాడే ‘విల్లింగ్లీ’ అన్న ఇంగ్లీషు మాటలో ఒక ఎల్ తక్కువ పడింది. మొదటి ఉత్తరంలోనూ తక్కువే. పదో ఉత్తరంలోనూ తక్కువే. పద్మ ఇంట్లో చూసిన కాగితంలోనూ తక్కువే.

"సార్, ఇంతమంది తల్లిదండ్రులు ఒకే తప్పు చేశారే," అన్నాను.

ఆయన ఫైలు వెనక్కి తీసుకున్నాడు. "మీ ఆఫీసుకి ఈ ఏడు ఎన్ని సీట్లు కావాలన్నారు?" అని అంతే మృదువుగా అడిగాడు.

నేను ఆఫీసు చేరేసరికే ఖలీల్ సాబ్‌కి ఫోను వచ్చింది. ఆయన కేకలు వేసే మనిషి కాదు. తలుపు వేసి కూర్చోమన్నాడు.

"చూడమ్మా. నువ్వు చెప్పేది నిజమే. కాని గా బడిల సీట్లు బంద్ అయితె వచ్చే నెల దిగే ఫ్యామిలీలను ఏడ పెడతం? పిల్లలు ఇంట్ల కూసుంటరు. గది పుణ్యమా?"

ఆయన మాటలో నిజం లేకపోలేదు. చెడ్డ బడిలో సీటు, అసలు సీటే లేకపోవడం, ఈ రెండింటి మధ్య కాసేపు ఊగాను. చివరికి ఒక బేరానికి వచ్చాం. రిపోర్టులో నా అభిప్రాయం రాయను. ఏ తరగతికి ఎన్ని సెక్షన్లో మాత్రం రాస్తాను. ఆరుకి ఎనిమిది, పదికి రెండు.

"ఇండ్ల తిట్టేదేమున్నది? రాస్కో," అన్నాడు.

నేను గెలిచాననుకున్నాను. తరవాత వచ్చిన తల్లిదండ్రుల్లో చాలామంది ఆ వాక్యం చదివి, "పదిలో తక్కువమందిని పెట్టి ప్రత్యేకంగా చూసుకుంటారన్నమాట" అని సంతోషించి చేర్చారు. విడమరచి చెప్పని నిజం ఒక్కోసారి అబద్ధం కన్నా బాగా అమ్ముడుపోతుంది. ఇది నా రెండో తప్పు. మొదటిది తెలియక చేశాను, రెండోది తెలిసి.

రిసెప్షన్‌లో కుర్చీ

హారిక సంగతి తేల్చింది నేను కాదు, పద్మ.

సూర్యనారాయణ సంతకం పెట్టేద్దామన్నాడు. "పెద్ద బడితో మనకెందుకు గొడవ? పాసైనట్టు కాగితం ఇస్తామంటున్నారు కదా." పద్మ హారికని అడిగింది, అక్కడే ఉంటావా అని. హారిక తల అడ్డంగా ఊపింది. "వేరే బళ్లో చేర్చు అమ్మా. కానీ నేను ఇష్టంగా వెళ్లానని రాయకు. నాకు ఇష్టమై వెళ్లట్లేదు."

నేను బడుల వేటలో పడ్డాను. ఈసారి కబురు చెయ్యకుండా వెళ్లాను. కొన్నిచోట్ల గేటు దగ్గరే ఆపేశారు. షార్జాలోనే పాత మార్కెట్టు వెనక ఒక చిన్న బడి రానిచ్చింది. రంగులు పెచ్చులూడిన గోడలు. వరండాలో గోల గోల. ఏడో తరగతిలో ఎవరో డెస్కు వాయిస్తున్నారు. స్టాఫ్ రూములో ఇద్దరు లెక్కల టీచర్లు ఒక కుర్రాడి జవాబు కాగితం పెట్టుకుని వాదించుకుంటున్నారు. జవాబు తప్పు, కానీ వాడు ఆలోచించిన దారి తప్పు కాదని ఒకావిడ పట్టు. అరగంట విన్నాను. నేనెవరో వాళ్లు అడగనే లేదు. ఆరుకి మూడు సెక్షన్లు, పదికి మూడు. ఎనిమిది పాసైన టీసీ తెస్తే తొమ్మిదిలో సీటు ఇస్తామన్నారు.

పద్మ తనే ఉత్తరం రాసింది. ‘మా అమ్మాయిని తొమ్మిదిలోకి తీసుకునేది లేదని మీరు చెప్పినందువల్ల టీసీ అడుగుతున్నాము.’ ఆఫీసులో గుమాస్తా ఆ ఉత్తరం పుచ్చుకోలేదు. టైపు చేసిందే కావాలన్నాడు.

"అయితే ఆలోచించుకోండి. నేను కూర్చుంటాను," అంది పద్మ.

అవి అడ్మిషన్ల రోజులు. రిసెప్షన్ నిండా కొత్త తల్లిదండ్రులు. పద్మ ఒక కుర్చీలో కూర్చుంది. గొడవ చెయ్యలేదు, గొంతు పెంచలేదు. పక్కన కూర్చున్నవాళ్లు మర్యాదకి, "మీ పాపని ఏ క్లాసులో చేరుస్తున్నారండీ?" అని అడుగుతారు కదా. "చేర్చడానికి కాదండీ, తీసుకెళ్లమన్నారు" అని చెప్పేది. ఎందుకని వాళ్లు అడిగితే, అదీ చెప్పేది. అడగనివాళ్లకు ఏమీ చెప్పేది కాదు.

రెండో రోజు ఆవిడకి లోపలి గదిలో ఏసీ వేసి కూర్చోమన్నారు. "ఇక్కడ బాగానే ఉందండీ" అంది. మూడో రోజు పది గంటలకల్లా గుమాస్తా టీసీ తెచ్చి చేతిలో పెట్టాడు. ఎనిమిది పాస్. ఆవిడ ఉత్తరం నకలు మీద బడి ముద్ర కూడా వేయించుకుని మరీ లేచింది.

హారిక చిన్న బడిలో చేరింది. మొదటి నెలంతా రోజూ సాయంత్రం తలనొప్పి అనేదట, గోల అలవాటు లేక. లెక్కల టీచరు ఆ వాదించినావిడే. పదో తరగతి పరీక్షలో హారికకి లెక్కల్లో అరవై రెండు వచ్చాయి. గొప్ప మార్కులేం కావు. మా వీధిలో ఎదురై ఆగి, "ఆంటీ, అరవై రెండు!" అని అరిచింది. ఆ అరుపుకి ఎదురు బాల్కనీలో బట్టలారేస్తున్నావిడ తొంగి చూసింది.

పెద్ద బడికి ఆ ఏడు కూడా వంద శాతమే వచ్చింది.

రిపోర్టు ఎవరికి

నేను మానేసే ఏడు ఖలీల్ సాబ్ ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆయన అలా లేచి వచ్చే మనిషి కాదు.

"అమ్మా, మా అక్క కొడుకు వస్తున్నడు హైదరాబాద్ నుంచి. ఏడో క్లాసు. యాడ వేద్దాం?"

అలమారాలోంచి రిపోర్టులు తియ్యబోయాను.

"అరే, రిపోర్టులు పైసలిచ్చే పార్టీలకు. నువ్వు నోటితోని చెప్పు."

చెప్పాను. మేనల్లుణ్ని మార్కెట్టు వెనకున్న గోల బడిలో చేర్చాడు. ఆ వారమే విజయవాడ నుంచి దిగిన ఒక అకౌంటెంటు కుటుంబానికి శివార్ల బడి రిపోర్టు పంపించాడు. పదికి రెండు సెక్షన్లు అన్న వాక్యంతో సహా. కింద సంతకం నాది.

ఈసారి ఊరుకోలేకపోయాను. ఆ అకౌంటెంటుకి ఫోను చేసి అంతా చెప్పాను. ఆఖరి బెంచీ సంగతి, టైపు చేసిన ఉత్తరాల సంగతి, సగం ఖాళీ అయ్యే బస్సుల సంగతి. వేరే రెండు బడులు చూపిస్తాను, నాతో రమ్మన్నాను. ఆయన అడ్డు రాకుండా చివరిదాకా విన్నాడు.

"చాలా థాంక్సండీ. ఎవరూ ఇంత వివరంగా చెప్పరు," అన్నాడు. నాకు ప్రాణం తేలికపడింది.

"అయితే ఎప్పుడు వస్తారు, ఆ బడులు చూడటానికి?"

"అబ్బే, అక్కర్లేదు మేడమ్. రేపే వెళ్లి మీ రిపోర్టులో ఉన్న ఆ బళ్లోనే చేర్చేస్తాం. అంత గట్టిగా వడపోస్తారంటే స్టాండర్డు ఉన్నట్టే కదండీ? మావాడికి ఆ బాధ లేదు. వాడు బ్రైట్."

"బాబు వయసెంతండీ?"

"పదకొండు. కొంచెం అల్లరి. అక్కడైతే నోరు మూసుకుని కూర్చుంటాడు."